కరణం పోయాడు, దస్త్రం మబ్బెక్కింది

ఊళ్లో దస్త్రం ఎవడి చేతిలో వుంటే ఊరు వాడిది. ఇది మన తాతలకి ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిన సంగతి. భూమి ఎవరు దున్నారన్నది కాదు, కరణం ఏం రాశాడన్నదే లెక్క. ఆంధ్రలో కరణం, తెలంగాణలో పట్వారీ. పేరేదయితేనేం, పని ఒకటే. బంజరు కొట్టుకుని నాలుగు గింజలు పండించుకున్న మాల మాదిగలకి ఆ దస్త్రంలో తమ పేరు ఎక్కిందో లేదో చూసుకునే దారి లేదు. చదువు రాదు. చదువొచ్చినోడు పోయి అడిగినా చూపించరు. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాల్నీ మునసబుల్నీ తీసేసింది. తాతల నాటి పెత్తనం ఒక్క కాగితంతో పోయింది.

ఇప్పుడీ కరణం పురాణం ఎందుకయ్యా అంటారేమో. దస్త్రం మళ్ళీ చేతులు మారుతోంది గనుక. ఈసారి భూమి దస్త్రం ఒక్కటే కాదు, మన పిల్లల దస్త్రం. పేరు, కులం, తల్లిదండ్రుల పేర్లు, ఆధార్, మార్కులు, హాజరు, స్కాలర్‌షిప్పు. ఇన్నాళ్ళూ హెడ్మాస్టరు గదిలో ఇనప బీరువాలో వుండే రిజిస్టర్లన్నీ లేచి క్లౌడ్‌లోకి పోతున్నాయి. క్లౌడ్ అంటే మబ్బు. రోజూ అందులోకి లెక్కలు ఎక్కించే టీచర్లలోనే చాలామందికి ఆ మబ్బు సంగతి తెలియదు. గుమాస్తాకి, వార్డెనుకి, ఆయాకి, మధ్యాహ్న భోజనం వండే మనిషికి చెప్పిన నాథుడే లేడు. తల్లిదండ్రుల మాట ఇక చెప్పాలా? మేము అనేదల్లా ఇదీ: ఈ చదువు టీచర్లకీ బడి సిబ్బందికీ అందరికీ నేర్పాలి. తెలుగులో నేర్పాలి. లెక్కలు ఎక్కించే కూలీలుగా కాదు, లెక్క అడిగే మనుషులుగా నేర్పాలి.

ముందు మబ్బు సంగతి తేల్చుకుందాం. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ గట్టివాడే. మబ్బుని ఎవరూ పట్టుకోలేరు. మబ్బు ఎవరిదని ఎవరూ అడగరు. అసలు సంగతి చూస్తే అందులో మబ్బూ లేదు, గాలీ లేదు. గోదాముల్లాంటి పెద్ద పెద్ద హాళ్ళు కట్టి, వేల కంప్యూటర్లు వరసగా నిలబెట్టి, రాత్రింబవళ్ళు కరెంటిచ్చి, అవి వేడెక్కకుండా చల్లబరుస్తూ, మీ కాగితాలు మా దగ్గర దాచుకోండని అద్దెకిస్తారు. ఫోనులోంచి, కంప్యూటరులోంచి నెట్టు ద్వారా అక్కడికి పంపుతాం, మళ్ళీ కావాలన్నప్పుడు అక్కణ్ణుంచే తెచ్చుకుంటాం. మీ ఫోను పోయినా ఫోటోలు కొత్త ఫోనులోకి వస్తున్నాయంటే అర్థం, అవి మీ ఫోనులో ఒక్కచోటే లేవు, ఆ గోదాములో కూడా వున్నాయని. అంతే క్లౌడ్ అంటే.

గుంటూరు మిర్చి రైతుకి ఈ సంగతి చెప్పడం మాకు ఎప్పుడూ కష్టం కాలేదు. పంట చేతికొచ్చాక ధర లేకపోతే టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. అక్కడి సరుకు ఆయనదే, గది మాత్రం ఇంకొకడిది. కానీ ఆ రైతు చేతిలో ఒక కాగితం వుంటుంది. ఫలానా రోజున ఇన్ని టిక్కీలు పెట్టానని రాసిచ్చిన కాగితం. ఒక్క టిక్కీ తగ్గినా ఆ కాగితం చూపించి గల్లా పట్టుకుంటాడు. మన పిల్లల పేర్లు, కులాలు, ఆధార్ నెంబర్లు ఇన్ని గోదాముల్లోకి పోయాయి గదా. మన చేతిలో వున్న కాగితం ఏది?

ఆ గోదాములు ఎక్కడో అమెరికాలో వున్నాయిలే అనుకోకండి. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో హైదరాబాదు పక్కన తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట, ఫ్యాబ్ సిటీ, అన్నీ రంగారెడ్డి జిల్లావే. మైక్రోసాఫ్టు తన కేంద్రాల సంగతి అదే యేడు మార్చిలో ప్రకటించింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నానికి 1500 కోట్ల డాలర్లు తెస్తామంది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు పేపర్లలో చూసే వుంటారు. ప్రభుత్వానికి కూడా సొంత మబ్బు వుంది. 2014లో కేంద్రం మొదలుపెట్టిన దాని పేరు మేఘరాజ్. వానలకోసం పూజలు చేయించుకునే దేవుడి పేరులా లేదూ? కాబట్టి మబ్బు ఆకాశంలో లేదు, మన మండలాల్లో నేల మీద వుంది. కరెంటు తింటుంది, నీళ్ళు తాగుతుంది. ఆ నేలల్లో ఎంత భూమి అసైన్‌మెంటు పట్టాలది, ఎవరి పేర్ల మీద వున్నది అన్న లెక్క అక్కడి మన సంఘాలు తీయాలి. అది మరో వ్యాసానికి సరిపోయే సంగతి. ఇక్కడ బడి వరకే చూద్దాం.

బడి లెక్కలు ఢిల్లీకి పోయే దారి పేరు యుడైస్. అంతకుముందు మన వూరి బళ్ళో ఎస్సీ పిల్లలు 23 మంది అని ఒక అంకె పోయేది. 2022-23 నుంచి అంకె కాదు, ఆ 23 పేర్లూ పోతున్నాయి. ఒక్కొక్క పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, ఏ కులం కింద వస్తుంది, ఏ మతం, పేదరికం గీతకి కిందా పైనా, అంగవైకల్యం వుందా లేదా. 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఇట్లా ఎక్కిన పిల్లలు 24 కోట్ల 69 లక్షలు. దీని మీద అపార్ అని 12 అంకెల నెంబరొకటి ఇస్తున్నారు. దానికి తల్లో తండ్రో ఒప్పుకుని సంతకం చెయ్యాలి. చెయ్యకపోయినా ఫరవాలేదు, అది నిర్బంధం కాదని ప్రభుత్వమే చెప్పింది. ఈ సంగతి చెప్పి, కాగితం చదివి వినిపించి, ఆ తర్వాత సంతకం చేయించుకునే బళ్ళు ఎన్ని? వేలిముద్ర వేయించుకునే అలవాటు కరణాలతోనే పోయిందనుకున్నాం.

ఇక హాజరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో టీచర్లకి మొహం చూపించి హాజరు వేసుకునే యాప్ పెట్టారు. తెలంగాణలో 2025 ఆగస్టు నుంచి టీచర్లకి అదే పద్ధతి వచ్చింది. ఆంధ్రలో టీచర్ల సంఘాలు లేచి అడిగాయి. మా సొంత ఫోన్లలో ఎందుకెక్కించాలి, సిగ్నలు లేని ఊళ్ళో నిమిషం ఆలస్యమైతే ఎవరిది బాధ్యత అని. న్యాయమైన ప్రశ్నలే. మేము ఆ ప్రశ్నల పక్షమే. కానీ పంతులు గారి మొహం విషయంలో ఇంత ఆలోచన చేసిన సంఘాలు, అదే పంతులు గారు రోజూ తన ఫోనులోంచి ఎక్కించే పిల్లల పేర్లు, ఫోటోలు, కులాల సంగతి ఒక్కసారన్నా తీర్మానంలో పెట్టాయా? పెట్టి వుంటే మాకు చూపించండి, ఈ పత్రికలోనే అచ్చేస్తాం.

ఆంధ్రలోనే ఇంకొకటి నడిచింది. బడి మరుగుదొడ్ల ఫోటోలు తీసి రోజూ యాప్‌లోకి ఎక్కించమన్నారు. దొడ్ల ఫోటోలు తీయడం తమ స్థాయికి తక్కువని చాలామంది పంతుళ్ళు బాధపడ్డారు. దొడ్లు కడగడం ఎవరి స్థాయో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ కడిగే ఆయా మన వాడ మనిషే. దొడ్డి ఫోటో మబ్బెక్కింది. ఆమె చెయ్యి ఆ ఫోటోలో కనపడదు. ఫోటో బాగోకపోతే మాట పడేది మాత్రం ఆమే. ఆ ఫోటో ఎక్కడికి పోతుంది, ఎవరు చూస్తారు, తన గురించి అందులో ఏం రాశారు అన్నది తెలుసుకునే హక్కు ఆమెకి లేదా? సిబ్బంది అన్నమాట వచ్చినప్పుడు మేము మొదట లెక్కపెట్టేది ఆమెనే.

ఇప్పుడు మన మెడకి చుట్టుకునే సంగతికొద్దాం. పేర్ల సంగతి.

మన వాడల్లో ఒక పిల్లకి ఎన్ని పేర్లో ఊరోళ్ళకి తెలియదు. ఇంట్లో మరియమ్మ, బళ్ళో లక్ష్మి. ఎందుకిట్లా అయింది? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న మాల మాదిగ ఎస్సీ కాకుండా పోతాడు గనుక. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవులైన వాళ్ళని బీసీ-సి అన్నారు, వాళ్ళ వాటా 1 శాతం. దేవుణ్ణి మార్చుకున్నా ఊళ్ళో గ్లాసు మారలేదు, గుంజకి కట్టి కొట్టేవాడు ఏ దేవుడని అడిగి కొట్టలేదు. కాగితంలో మాత్రం కులం పోయింది. అందుకని బళ్ళో వేసేరోజు పంతులే ఒక పేరు రాశాడు, అమ్మానాన్న సరేనన్నారు. రెండు పేర్లతో బతకడం మన తప్పు కాదు, ఆ ఉత్తర్వు పెట్టిన గతి. ఇది ఒక్కటేనా? పుట్టినరోజు తెలియకపోతే జూన్ నెలలో ఏదో తేదీ పంతులు గారే వేసేవారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. చిన్న వెంకటయ్య ఒక కాగితంలో సి.వెంకటయ్య, ఇంకో కాగితంలో వట్టి వెంకటయ్య. తెలుగులో ఒకే పేరుని ఆధార్ వాడు ఇంగ్లీషులో ఒకలా కొడితే, బడి గుమాస్తా ఇంకోలా కొట్టాడు.

ఇన్నాళ్ళూ ఇవి ఎవరికీ అడ్డం రాలేదు. బడి రిజిస్టరు బళ్ళో వుండేది. రేషన్ కార్డు ఇంట్లో చూరు కింద వుండేది. బ్యాంకు పుస్తకం ట్రంకు పెట్టెలో వుండేది. ఒకదాన్నొకటి చూసుకునేవి కావు. మబ్బులో అన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. చూసుకుని, ఒక్క అక్షరం తేడా వుంటే సరిపోలలేదని చెప్పి ఆగిపోతాయి. అక్కడ మనిషి వుండడు బతిమాలుకోడానికి. ఎస్సీ పిల్లల పోస్టు మెట్రిక్ స్కాలర్‌షిప్పుకి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో ఐదేళ్ళకి 59,048 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. 4 కోట్ల మంది పిల్లలకి పైగా అందుతుందన్నారు. డబ్బు ఆన్‌లైన్ లోనే, ఆధార్ సరిచూసి, పిల్లల బ్యాంకు ఖాతాలోకే పోవాలన్నారు. మధ్యలో దళారీ పోయాడు, అది మంచిదే. మేము దాన్ని కాదనం. కానీ ఒక్క అక్షరం దళారీ అయి కూర్చుంటే ఏం చెయ్యాలో పిల్లకి ఎవరు చెప్పారు? హెడ్మాస్టరుని అడిగితే సవరించే మీట నా దగ్గర లేదు, సి.ఆర్.పి. ని అడగండి అంటాడు. సి.ఆర్.పి. మండలాఫీసు అంటాడు. మండలాఫీసులో జిల్లా అంటారు. జిల్లాలో, ఆధార్ సెంటరుకి పొండి అంటారు. కూలికి పోయే తల్లికి ఒక్కో తిరుగుడుకి ఒక్కో రోజు కూలి పోతుంది. ఇంటర్ చేరాల్సిన పిల్ల ఫీజు దగ్గర ఆగిపోతుంది. ఆ పిల్ల చదువు మానేసిందని మళ్ళీ ఆ మబ్బులోనే రాస్తారు. ఎందుకు మానేసిందో రాసే గడి మాత్రం మాకెక్కడా కనపడలేదు.

భూముల దగ్గర ఇదే సినిమా ఒకసారి చూశాం. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి వచ్చింది. పట్టా వున్నోడి పేరు ఎగిరిపోయింది, లేనోడి పేరు ఎక్కింది, అసైన్డ్ భూములు నిషేధం జాబితాలో చిక్కుకున్నాయి, సరిదిద్దమంటే దిద్దే అధికారం ఇక్కడ లేదన్నారు. దాని బదులు 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ పుట్టినరోజు చూసుకుని, భూభారతి తెచ్చారు. మధ్యలో పోయిన నాలుగున్నరేళ్ళు ఎవరు తిరిగిస్తారు? భూమికి నాలుగున్నరేళ్ళు ఆగొచ్చునేమో. తొమ్మిదో తరగతి పిల్ల నాలుగున్నరేళ్ళు ఆగదు.

పేర్లు తప్పు పడటం ఒక ఎత్తు. వున్న పేర్లు బజారున పడటం ఇంకో ఎత్తు. దీక్షా అని కేంద్ర విద్యాశాఖ యాప్ వుంది. 2017లో మొదలయింది. కరోనా కాలంలో టీచర్ల ట్రైనింగులకీ పిల్లల పాఠాలకీ అదే దిక్కయింది. ఆ యాప్ తాలూకు ఒక క్లౌడ్ గోదాముకి తాళమే వెయ్యలేదని 2023 జనవరిలో వైర్డ్ అనే అమెరికా పత్రిక రాసింది. అట్లా యేడాదికి పైగా వుందట. 10 లక్షల మందికి పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నెంబర్లు, ఈమెయిళ్ళు, 6 లక్షల దాకా పిల్లల వివరాలు ఎవరు తొంగి చూసినా కనపడేట్టు వున్నాయి. గోదాము మైక్రోసాఫ్టుది. తాళం వేసుకోవాల్సింది అద్దెకి తీసుకున్నవాళ్ళు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. క్లౌడ్‌లో గోడలు కట్టడం ఇచ్చేవాడి పని, తలుపుకి తాళం వేసుకోవడం పుచ్చుకున్నవాడి పని. మన బడి పుచ్చుకున్నవాడి వరసలో వుంది. అందుకే టీచరు నేర్చుకోవాలంటున్నాం.

కంపెనీ మీద ఆశ పెట్టుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షల 18 వేలకి పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. అందులో బైజూస్ కంపెనీ పాఠాలు. మన పిల్లల చేతిలోకి ట్యాబు రావడాన్ని మేము ఎగతాళి చెయ్యం. బలిసినోళ్ళ పిల్లలు ముందే ఆడుకుని పారేసిన వస్తువది, మన పిల్లలు మొదటిసారి ముట్టుకున్నారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా విచారణలోకి పోయింది. కంపెనీ మునిగితే పాఠాలు ఎవరివి, పిల్లలు ఏం చదివారో ఏం తప్పారో రాసుకున్న లెక్క ఎవరిది? బడితో ఒప్పందం రాసుకునే రోజునే అడగాల్సిన ప్రశ్న ఇది. అడగాలంటే అడిగేవాడికి సంగతి తెలియాలి.

చట్టం లేదా అంటే వుంది. వ్యక్తుల సమాచారం కాపాడతామని 2023 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. 18 ఏళ్ళ లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని అందులో వుంది. దాని రూల్సు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. అందులోనూ ముఖ్యమైన వాటికి 18 నెలల గడువు, బడులకి కొన్ని మినహాయింపులు. చట్టం వచ్చి తలుపు కొట్టేదాకా బీరువా తెరిచి వుంచుకుందామా?

సరే, టీచర్లకి ఏం నేర్పాలి? పెద్ద పెద్ద మాటలు వద్దు. ట్రైనింగు పేరుతో మండల కేంద్రంలో కూర్చోబెట్టి, ఇంగ్లీషు బొమ్మలు గోడ మీద వేసి, మధ్యాహ్నం భోజనం పెట్టి పంపే ట్రైనింగు మాకొద్దు. పొద్దున లేచిన దగ్గర్నుంచి టీచరు చేతిలో వుండే వస్తువుతోనే మొదలుపెట్టాలి.

మాకు తెలిసిన ఒక బళ్ళో లెక్కల పంతులు కంప్యూటరు తెలిసినోడు. మూడేళ్ళ మార్కుల పట్టీలు, పిల్లల జాబితాలు అన్నీ గూగుల్ డ్రైవులో, తన సొంత జీమెయిలు కింద పెట్టాడు. మంచి పనే చేశాడు. బదిలీ అయి పోయాడు. ఆ తర్వాత ఆయన ఫోను నెంబరు మారింది. బడికి ఆ కాగితాలు ఒక్కటి కూడా చేతికి రాలేదు. పది పాసయి వెళ్ళిన పిల్లలు వచ్చి కాగితం అడిగితే కొత్త హెడ్మాస్టరు దగ్గర జవాబు లేదు. ఇందులో దొంగతనం లేదు, దుర్మార్గం లేదు. క్లౌడ్‌లో కాగితానికి యజమాని వుంటాడన్న మొదటి పాఠం ఎవరూ చెప్పకపోవడం ఒక్కటే వుంది. బడి కాగితం బడి పేరు మీద తీసుకున్న ఖాతాలో వుండాలి. ఆ ఖాతా తాళం హెడ్మాస్టరుతో పాటు ఇంకొకరి దగ్గర కూడా వుండాలి. హెడ్మాస్టరు మారితే చార్జి కాగితంలో బీరువా తాళం చెవులతో పాటు ఈ ఖాతా కూడా రాసి అప్పజెప్పాలి. ఊరికే వచ్చే గూగుల్ ఖాతాలో చోటు 15 జీబీలే, మెయిళ్ళూ ఫోటోలూ అన్నీ కలిపి. రెండేళ్ళు ఎవరూ తెరవకుండా వదిలేసిన సొంత ఖాతాని కంపెనీ చెరిపేయొచ్చని 2023లో చెప్పేసింది. ఇనప బీరువాకి తుప్పు పట్టొచ్చుగానీ, తెరవలేదని లోపలి కాగితాలు పారేసిన బీరువాని మనం చూడలేదు.

రెండోది లింకు సంగతి. పిల్లల జాబితా తయారుచేసి, లింకు ఎవరికి దొరికినా తెరుచుకునేట్టు పెట్టి, వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. అందులో ఎవరెవరున్నారో చూడరు. ఆడపిల్లల పేరు, వూరు, ఇంటి ఫోను నెంబరు, కులం వరసగా. ఆ లింకు ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి పోతుంది. వాడ ఆడపిల్ల ఫోను నెంబరు ఊళ్ళో ఎవడి చేతిలో పడితే ఏమవుతుందో మేము విడమర్చి రాయక్కర్లేదు. ఎవరికి చూపించాలో వాళ్ళ పేరు కొట్టి వాళ్ళకే చూపించొచ్చు. చూసేవాడు వేరు, దిద్దేవాడు వేరు అని విడివిడిగా పెట్టొచ్చు. రెండు నిమిషాల పని. కులం, ఆధార్ అవసరం లేని జాబితాలో అసలు వెయ్యకూడదు. టూరు కెళ్ళే పిల్లల జాబితాలో కులం గడి ఎందుకయ్యా?

మూడోది పాస్‌వర్డ్. కంప్యూటరు గదిలో గోడకి కాగితం మీద రాసి అంటించిన పాస్‌వర్డులు మేము చూశాం. ఎవడో ఫోను చేసి ఓ.టి.పి. చెప్పమంటే చెప్పేసే హెడ్మాస్టర్లని చూశాం. ఈ విషయంలో మన వాడల్లోంచి డీఎస్సీ రాసి టీచర్లయిన అన్నలకీ అక్కలకీ ఒక మాట. మీకు ఆ కుర్చీ ఎలా వచ్చిందో మీకు తెలుసు. పని మీద పడుతుందని పక్క సారుకి తాళం ఇచ్చేసి కూర్చోకండి. కంప్యూటరు తెలిసిన సారు అని ఒకాయనకి పేరొస్తే బడిలో పెత్తనం నిదానంగా ఆయన దగ్గరికి పోతుంది. కరణం కూడా మొదట్లో వట్టి రాతగాడే.

ఇంతసేపూ భయాలే చెప్పాం గనుక దీనికి రెండో పక్క కూడా చెప్పాలి. కరణం గీకి దిద్దిన అక్షరం ఎవడు దిద్దాడో ఎప్పుడు దిద్దాడో దేవుడిక్కూడా తెలిసేది కాదు. గూగుల్ షీటులో ఒక పేరు మారిస్తే, ఎవరి ఖాతాలోంచి మారింది, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ముందు ఏముంది, తర్వాత ఏముంది అంతా అందులో రాసి వుంటుంది. మార్పుల చరిత్ర అని ఒక చోట నొక్కితే వస్తుంది. మధ్యాహ్న భోజనంలో గుడ్లు ఎన్ని వచ్చాయి, పిల్లలు ఎంతమంది తిన్నారు, హాస్టలుకి దుప్పట్లు ఎన్ని చేరాయి అన్న లెక్క ఇట్లాంటి పట్టీలో రాసి, స్కూలు కమిటీ వాళ్ళకి చూసే హక్కు ఇస్తే, రాత్రికి రాత్రి 40ని 90 చెయ్యడం ఎవడి తరమూ కాదు. మన పూర్వీకులకి ఈ పనిముట్టు దొరికివుంటే ఎన్ని ఎకరాలు నిలబడేవో! వార్డెను ఇది నేర్చుకుంటే తనమీద వచ్చే అబద్ధపు ఫిర్యాదు నుంచి కూడా తప్పించుకుంటాడు. వంట మనిషి తనకి బియ్యం ఎన్ని కిలోలు కొలిచారో తన పేరు మీదే రాయించుకోవచ్చు.

కొందరు మిత్రులు మాతో తగాదా పడుతున్నారు. ఇదంతా కంపెనీల వల, మన జనాన్ని అందులోకి మనమే తోస్తామా అంటున్నారు. వాళ్ళ అనుమానం మాకూ వుంది. కానీ మనం తోయకముందే మన పిల్లల పేర్లు అందులో వున్నాయి. బయటికి రావాలన్నా తలుపు ఎటు వుందో తెలియాలి గదా. ఇంగ్లీషు మీడియం విషయంలో ఇదే వాదన విన్నాం. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపుకుంటూ మన పిల్లలకి మాతృభాష మహత్యం చెప్పిన పెద్దలు గుర్తున్నారా? 1848లో పూణేలో ఫూలే దంపతులు ఆడపిల్లలకి బడి పెట్టినా, భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో ఆది హిందువుల పిల్లలకి బళ్ళు తెరిచినా, అక్షరం బ్రాహ్మడిది గనుక మనకొద్దు అనలేదు. అక్షరం లాక్కున్నారు.

ఇంకొందరు పెద్దమనుషులున్నారు. మీ వాళ్ళకి ఇవన్నీ అర్థం కావండీ అని నవ్వుతారు. మిర్చి టిక్కీ లెక్క అర్థమయినోళ్ళకి ఇది అర్థం కాదా?

1923లో బొంబాయి శాసనమండలి చెరువులూ బావులూ అందరివీ అని తీర్మానం చేసింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా తమ చౌదార్ చెరువు అందరిదీ అని ఒప్పుకుంది. కాగితం మీద చెరువు మనదయింది. నీళ్ళలో చెయ్యి పెట్టడానికి మాత్రం 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేలమంది నడిచి పోవాల్సి వచ్చింది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే వుండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి, అణగారిన కులాల వాళ్ళకి వాళ్ళ వాటా ప్రకారం చోటుండాలి. అది కూడా కాగితం మీద మనదే. రెండు రాష్ట్రాల్లో ఆ కమిటీలకి పేర్లు మారుతూ వచ్చాయిగానీ హక్కు పోలేదు. తీర్మానం పుస్తకంలో ముందే సంతకాలు పెట్టించుకుని తర్వాత రాసుకునే పద్ధతి చాలా బళ్ళలో నడుస్తోంది. దాన్ని ముందు ఆపండి.

వచ్చే కమిటీ మీటింగుకి మన తల్లుల్ని నలుగుర్ని పంపండి. యుడైస్‌లో నా బిడ్డ పేరు, నా పేరు, పుట్టిన తేదీ, కులం ఏమని వున్నాయో కాగితం మీద తీసివ్వమని అడగమనండి. హెడ్మాస్టరు తెరిచి చూపించగలడు, ప్రింటు కూడా ఇవ్వగలడు. లేదంటే చేత్తో రాసి సంతకం పెట్టమనండి. దాన్ని ఆధార్‌తో, బ్యాంకు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వుంటే ఇప్పుడే, పిల్ల ఏడులోనో ఎనిమిదిలోనో వుండగానే దిద్దించాలి. పది పాసయ్యాక ఎస్సెస్సీ మెమో మీదికెక్కిన తప్పు దిద్దించడం చాలా కష్టం. రెండు పేర్లున్న పిల్లల విషయంలో మాత్రం తొందరపడి ఏ కాగితమూ మార్చొద్దు. ముందు సంఘంలో కూర్చుని, తెలిసిన వకీలుని అడిగి, ఏ పేరు నిలపాలో ఇంటివాళ్ళే తేల్చుకోవాలి. సవరణకి అర్జీ ఇస్తే రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. అదే మన టిక్కీల కాగితం. వాడలో అంబేద్కర్ సంఘం గదిలో ఒక ఫైలు కట్టి అవన్నీ అందులో పెట్టండి. ఇంటర్ చదివే పిల్ల ఒకతె చాలు, ఆదివారం గంటసేపు కూర్చుని ఎవరిది దిద్దారు ఎవరిది మిగిలింది రాసి పెట్టడానికి. ఏ మండలంలో ఎన్ని అర్జీలు ఎన్నాళ్ళుగా ఆగి వున్నాయో మాకు రాయండి. పిల్లల పేర్లు రాయొద్దు, లెక్క చాలు.